ఓజోన్ నిండిన కొండగాలి

స్టుట్‌గార్ట్,
1994 జూన్ 28

గుడ్రున్ అక్కా,

ఇక్కడ నేను ఉడుకుతున్నాను, అక్కడ నువ్వు చల్లగా ఉన్నావు. ఇద్దరి క్షేమమూ తేలిపోయింది కనుక సూటిగా విషయానికొస్తాను. శనివారం పొద్దున బండికి ఎకార్ట్‌ని నీ దగ్గరికి పంపుతున్నాను. వద్దనకు.

మన తమ్ముడి సంగతి నీకు చెప్పేదేముంది! ఇరవై ఏళ్లు రొట్టెల బట్టీలో పిండి పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. వాడు బట్టీని వదిలేసి రెండేళ్లయినా ఉబ్బసం వాణ్ని వదల్లేదు. పైగా నా ఇల్లు నువ్వు చూశావుగా, పైకప్పు కింద నాలుగో అంతస్తు, కింద లారీలు పోయే రోడ్డు. మధ్యాహ్నానికి గది పెనంలా కాలుతుంది. నిన్న మెట్లెక్కి వచ్చినవాడు అరగంట కుర్చీలోంచి లేవలేదు. "ఏం లేదే, ఈ మధ్య మీ మెట్లకి పిల్లలు పుట్టినట్టున్నారు" అన్నాడు. నాకు నవ్వు రాలేదు, భయమేసింది.

మా ఆరోగ్యశాఖ ఆఫీసులో ఇప్పుడు నా పని కూడా ఇదే. ఏ రోజు ఎంతమంది పోయారు, ఆ రోజు ఎండ ఎంత, గాలిలో ఓజోన్ ఎంత, అన్నీ పక్కపక్కన పెట్టి చూడటం. మోటారు పొగ మీద ఎండపడితే పుట్టే ఘాటు గాలి కదా ఓజోన్, మా పై అధికారి క్రెస్ దృష్టిలో జనాన్ని చంపుతున్నది అదే. కాదు ఎండే చంపుతోందని నేను. రోజూ టీ దగ్గర ఇదే పోట్లాట. ఎండ దెబ్బకి ముసలివాళ్లు రాలిపోతుంటే కంటికి కనపడని గాలిని తిట్టుకోవడమేమిటి! అందుకే ఒక్కటే చెబుతున్నా: వాణ్ని చల్లగా ఉంచు. మిగతాది నీ కొండ చూసుకుంటుంది.

పీల్చే మందు డబ్బా సంచిలో పెట్టాను. ఫోన్ చేయకు. నాన్న పోయిన ఏడాది చేసుకున్న ఒప్పందం గుర్తుందిగా, మనం ఫోనెత్తితే మూడో నిమిషానికి కొట్లాట. కాగితమైతే రాసేలోపు కాస్త చల్లారుతాం.

నీ చెల్లెలు,
ఆల్ముట్

—

టానెన్‌రీట్,
జూలై 3

ఆల్ముట్ తల్లీ,

నీ పార్సిల్ పగలకుండా చేరింది. స్టేషన్లో దిగుతూనే "అక్కా, ఇదేమిటి, ఇక్కడ గాలికి వాసనే లేదు, పాడైపోయిందా?" అన్నాడు వెధవ. మొట్టికాయ వేశాను. చిక్కిపోయాడే! నీ ఇంట్లో వాడికి అన్నం పెడుతున్నావా, అంకెలు పెడుతున్నావా?

చల్లగా ఉంచమని నువ్వు నాకు చెప్పడం తాతకు దగ్గులు నేర్పినట్టుంది. మూడు తరాలుగా ఈ ఇంట్లో మనం అమ్మింది గాలి కాకపోతే ఏమిటి? తాతయ్య పెట్టించిన బోర్డు నిన్ననే తుడిపించాను: "ఓజోన్ నిండిన కొండగాలి. ఊపిరి జబ్బులకు విశ్రాంతి గృహం." అక్షరాలు ఇప్పటికీ బంగారంలా మెరుస్తున్నాయి. మీ క్రెస్ గారికి నా నమస్కారాలు చెప్పి, ఒక మాట అడుగు. పోయినేడాది ఓజోన్‌కి చిల్లుపడింది, తగ్గిపోయింది అని గుండెలు బాదుకున్నదీ మీవాళ్లే. ఇప్పుడు ఎక్కువైపోయిందని ఏడుస్తున్నదీ మీవాళ్లే. ఏదో ఒకటి తేల్చుకోండమ్మా, మేం బోర్డు మార్చుకోవాలో లేదో తెలుస్తుంది.

వాడికి అతిథులందరిలాగే పడక వైద్యం మొదలుపెట్టాను. మధ్యాహ్నం భోజనం కాగానే ఉత్తరం వైపు బాల్కనీలో వాలు కుర్చీ, కాళ్ల మీద శాలువా, మాటల్లేవు, గట్టిగా ఊపిరి పీల్చడం. రాత్రి వాడి గది కిటికీలు నేనే బార్లా తెరిచి పడుకుంటున్నాను. కాస్త దగ్గుతున్నాడులే. కొత్త గాలి కదా.

నువ్వు కూడా వచ్చి నాలుగు రోజులుండరాదూ? చచ్చినవాళ్లని లెక్కపెట్టడానికి తొందరేముంది, వాళ్లెక్కడికీ పోరు.

గుడ్రున్

—

స్టుట్‌గార్ట్,
జూలై 9

అక్కా,

నీ నాలుక మీద బోర్డు పెట్టించలేదేం తాతయ్య? చిల్లుపడింది పైన ఆకాశంలో. అక్కడ ఓజోన్ మనకి గొడుగు. కింద ముక్కుల్లోకి వస్తే మాత్రం మంట. ఇది బడిపిల్లలకి కూడా తెలుసు, విశ్రాంతి గృహం యజమానురాళ్లకి తప్ప.

ఇక్కడ పరిస్థితి బాగాలేదు. వాన జాడ లేదు. మా వీధి చివరి ముసలావిడ ఫ్రావ్ హ్యోల్ష్, పైకప్పు కింద ఒక్కతే ఉండేది చూడు, కుర్చీలో కూర్చున్నట్టే పోయింది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. రేడియోలో మధ్యాహ్నం బయటికి రావద్దు, ఓజోన్ అన్నారని మూసుకుని కూర్చుందట పాపం. ఆ గదిలో వేడి చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఇది ఓజోన్ చావా, ఎండ చావా? క్రెస్‌ని అదే అడిగాను.

నా చిక్కు నీకు అర్థమయ్యేట్టు చెబుతాను. ఇద్దరు తోడికోడళ్లు ఎప్పుడూ కలిసే వంటింట్లోకి వస్తారు, కలిసే పోతారు. గిన్నెలో వెన్న మాయమైంది. తిన్నది ఎవరు? ఎండ పెరిగిన రోజే ఓజోనూ పెరుగుతుంది, జనమూ పోతారు. వేరుచేసి చెప్పాలంటే ఒకత్తే వచ్చిన రోజు దొరకాలి. చల్లగా ఉండి ఓజోన్ మాత్రం ఎక్కువున్న చోటు ఒక్కటి చూపించండి, మీ కాళ్లకి దండం పెడతానన్నాను క్రెస్‌తో. అలాంటి చోటు ఉండదని నా ధీమా. ఆయనేమో కొండల మీద కొత్తగా పెట్టిన కొలత యంత్రాల లెక్కలకి రాశాడు. రానీ, చూద్దాం.

ఎకార్ట్ దగ్గు తగ్గిందా? రాత్రి నిద్రపోతున్నాడా? వాడి చేత నాలుగు ముక్కలు రాయించు.

ఆల్ముట్

—

టానెన్‌రీట్,
జూలై 14

చెల్లాయీ,

రాయమంటే "నువ్వు రాస్తున్నావుగా అక్కా, నా వంతు అబద్ధాలు కూడా నువ్వే రాసెయ్" అన్నాడు. ఏం అబద్ధాలురా అంటే నవ్వి ఊరుకున్నాడు.

దగ్గు తగ్గలేదు, పెరిగింది. కంగారుపడకు. మా ఊరి డాక్టరు ముసలాయన వచ్చి చూసి, తల పంకించి, "వైద్యం పట్టింది, జబ్బు తిరగబడుతోంది" అన్నాడు. నాన్న చెప్పేవాడు గుర్తుందా? గాలి వైద్యంలో మొదట జబ్బు ముదిరినట్టు కనిపించాలి, లోపలి చెడంతా పైకి రావాలి, మూడో వారానికి మనిషి లేడిపిల్లలా గంతులేస్తాడు. ఎంతమందిని చూశాం మనం ఈ ఇంట్లో! చెడు వస్తోందంటే బాగుపడుతున్నట్టే.

మంచిమాట ఒకటి చెబుతా. ఆదివారం అతిథుల కోసం వాడే చెర్రీ పండ్ల కేకు చేశాడు. వద్దన్నా వినడే! చేతులు పిండిలో పెట్టగానే వాడి మొహంలో వెలుగు చూడాలి నువ్వు. ముక్క మిగల్లేదు. ఒక అతిథి అయితే "ఇతన్ని ఇక్కడే కట్టిపడెయ్యండి" అంది. నేనూ అదే అనుకుంటున్నాను. ఇక నీ మెట్లు ఎక్కడానికి వాణ్ని పంపను. నాకూ అరవై దగ్గరపడుతోంది, ఈ ఇంట్లో నాతో ఒకడుంటే ఏం పోయింది?

ఎండ బాగానే ఉంది కానీ చెట్ల కింద హాయిగా ఉంది. సాయంత్రం అయితే శాలువా కావాలి.

గుడ్రున్

—

స్టుట్‌గార్ట్,
జూలై 18

గుడ్రున్,

నీకు మతి ఉందా? పిండి! వాణ్ని చంపుతున్నది పిండి అని ముగ్గురు డాక్టర్లు రాసిచ్చాక, నువ్వు వాణ్ని వంటింట్లో నిలబెట్టి కేకు చేయిస్తావా? పైగా దగ్గు ఎందుకు పెరిగిందో అని ముసలాయన్ని పిలిచి తల పంకించమంటావా? అతిథులు మెచ్చుకున్నారట! నాకు ఒళ్లు మండిపోయింది. మూడుసార్లు చింపి ఇది రాస్తున్నాను.

ఇక నుంచి వాడు వంటింటి గడప తొక్కకూడదు. పక్కగదిలో కూడా ఉండకూడదు, పిండి ఇల్లంతా ఎగురుతుంది. వాణ్ని ఇంటి బయట ఉంచు. పగలంతా బాల్కనీలోనే ఉండనీ. రాత్రి కూడా మంచం అక్కడే వేయించు. నీ గాలే నీకు గొప్ప కదా, ఆ గాలిలోనే ఉంచు, నీ వంటింట్లో కాదు. ఇది నా మాటగా వాడితో చెప్పు.

కేకు తిన్న అతిథుల మీద కోపం లేదు. నీ మీదుంది. వాణ్ని నీ దగ్గరే ఉంచుకుంటావా, నా దగ్గరికి పంపుతావా అన్నది వాడు బాగయ్యాక తేల్చుకుందాం.

కొండ యంత్రాల లెక్కలు వచ్చేవారం వస్తాయట.

ఆల్ముట్

—

టానెన్‌రీట్,
జూలై 23

ఆల్ముట్,

అక్క అని కూడా రాయలేదు నువ్వు. సరే. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు, నాకూ ఉలుకొచ్చింది కానీ కేకు విషయంలో తప్పు నాదే. ఒప్పుకుంటున్నా.

నువ్వన్నట్టే చేశాను. ఇనప మంచం బాల్కనీలో వేయించాను. మూడు రాత్రులుగా అక్కడే పడుకుంటున్నాడు. పొద్దున్న లేచేసరికి పెదాలు కాస్త నీలంగా ఉంటున్నాయి. చలికనుకుంటా. పిండి మాట దేవుడెరుగు, ఇంట్లోకి స్నానానికి తప్ప రావడం లేదు. అయినా దగ్గు తగ్గలేదేమే? నిన్న చర్చి దాకా నడుద్దామంటే పిల్లల బడి దగ్గరే కూలబడ్డాడు. రాయి మీద కూర్చుని, ఎవరైనా చూస్తారేమోనని బూటు తాడు కట్టుకుంటున్నట్టు నటించాడు. తాడు ఊడలేదు, నేను చూశాను.

పీల్చే మందు అయిపోవచ్చింది. ఇంకో డబ్బా పంపు. అదేదో నీళ్లు తాగుతున్నట్టు పీలుస్తున్నాడు. "ఆల్ముట్‌కి రాయకు" అన్నాడు. రాస్తున్నాను.

మూడోవారం నిండింది. లేడిపిల్ల ఇంకా కనపడలేదు. ఇంకో వారం చూద్దామంటున్నాడు డాక్టరు. తూర్పుగాలి పట్టింది, మీవైపు నుంచి. ఆకాశం మాత్రం అద్దంలా ఉంది.

నీ అక్క,
గుడ్రున్

—

స్టుట్‌గార్ట్,
జూలై 26, పొద్దున్న

అక్కా,

కోపం వదిలెయ్. ఈ రోజు నా జీవితంలో ఓడిపోయి సంతోషించిన మొదటి రోజు. లెక్కలు వచ్చాయి! ఒంటరి తోడికోడలు దొరికింది!

క్రెస్‌దే నిజం. ఎండ ముసలివాళ్లని చంపుతోందన్నది నా మాట, అదీ నిలబడింది. కానీ ఓజోన్ విడిగా, ఎండతో పనిలేకుండా, ఊపిరి జబ్బులవాళ్లని పట్టుకుంటోంది. ఎలా తెలిసిందంటే, మా రోడ్డు మీద పుట్టిన పొగే ఆ ఓజోన్‌ని తిరిగి మింగేస్తుందట. రాత్రయ్యేసరికి మా వీధిలో ఏమీ మిగలదు. మింగే పొగ లేనిచోట అది అలాగే నిలిచిపోతుంది. గాలి దాన్ని మోసుకెళ్లి కొండలకి అప్పజెబుతుంది. అక్కడ చల్లగా ఉంటుంది, లారీ ఉండదు, ఆకాశం అద్దంలా ఉంటుంది, ఓజోన్ మాత్రం మా రోడ్డు కంటే ఎక్కువ. రాత్రంతా కూడా దిగదు! చల్లటి చోట్లలో ఊపిరందక ఆసుపత్రికి వచ్చినవాళ్లు ఆ రోజుల్లోనే పెరిగారు. నేను క్రెస్ కాళ్లకి నిజంగానే దండం పెట్టబోతే ఆయన బల్ల కింద దాక్కున్నాడు.

మధ్యాహ్నం

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. "ఆకాశం అద్దంలా ఉంది" అని రాశావు.

అక్కా, నేను పొద్దున్న ఏం రాశానో మళ్లీ చదువుకున్నాను. నేను వాణ్ని ఎక్కడికి పంపాను? వాడి మంచం ఎక్కడ వేయించాను?

వాణ్ని లోపలికి తీసుకురా. ఈ ఉత్తరం పూర్తిగా చదవకుండానే తీసుకురా. కిటికీలు తలుపులు మూసెయ్. మూసిన గదిలోకి అది ఎక్కువ రాదు. వంటింటికి దూరంగా కింది గదిలో పడుకోబెట్టు. పట్నం ఆసుపత్రికి ఫోన్ చెయ్. ఇప్పుడే నీకు ఫోన్ చేశాను, కలవలేదు. మీ ఊరి మధ్యాహ్నపు మౌనం! ఒంటిగంట నుంచి మూడింటిదాకా ఫోన్ తీసి పక్కన పెడతావని మర్చిపోయాను. మూడింటికి మళ్లీ చేస్తాను. ఒకవేళ మనం కొట్లాడుకుంటే అని ఇది అర్జంటు పోస్టులో వేస్తున్నాను. మందు డబ్బా కూడా.

ఆల్ముట్

—

టానెన్‌రీట్,
జూలై 26, సాయంత్రం

ఆల్ముట్,

మూడో నిమిషం కూడా రాలేదు, చూశావా? ఫోన్ నేనే పెట్టేశాను, నువ్వు కాదు.

నడవలో ఆరుగురు అతిథులున్నారు. నీ గొంతు వాళ్లందరికీ వినపడింది. "నీ గాలి విషం, నువ్వు వాణ్ని విషంలో పడుకోబెట్టావు." ఎవరే పడుకోబెట్టమన్నది? వారం కింద బయట వెయ్యి అన్నది నువ్వు, ఈ రోజు లోపల వెయ్యి అంటున్నది నువ్వు. నీ మాట నీటి మీద రాత. మొన్న ఎండ, నిన్న పిండి, ఈ రోజు ఓజోన్. రేపేమిటి, నేనా? తాతయ్య బోర్డు కింద డెబ్భై ఏళ్లుగా జనం బతికి ఇళ్లకి వెళ్లారు. ఆ ఆరుగురిలో ఇద్దరు, భార్యాభర్తలు, అప్పుడే పెట్టె సర్దుకుంటున్నారు.

అయినా వాణ్ని అడిగాను. లోపలికి పోదామా అంటే తల అడ్డంగా ఊపాడు. "గది వద్దక్కా, గాలి కావాలి" అంటాడు. ఊపిరాడని మనిషిని కిటికీ మూసిన గదిలో పెట్టమంటావా? ఎవరికైనా నోరొస్తుందా ఆ మాట అనడానికి? రేపు పొద్దున డాక్టరు వస్తాడు. ఆయన కూడా లోపలే అంటే అప్పుడు చూద్దాం.

కోపం చల్లారాక రాద్దామనుకున్నా. చల్లారలేదు.

గుడ్రున్

—

స్టుట్‌గార్ట్,
ఆగస్టు 5

అక్కా,

ఎకార్ట్‌ని మట్టిలో పెట్టి వచ్చాక మనం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. బండెక్కేటప్పుడు నువ్వు రొట్టె, పంది మాంసం పొట్లం కట్టి ఇచ్చావు. నేను తీసుకున్నాను. అంతే మాట్లాడుకున్నాం. నీ వంటింటి బల్ల మీద నా అర్జంటు ఉత్తరం విప్పకుండా ఉండటం చూశాను. మందు డబ్బా దాని పక్కనే ఉంది. నీ మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను. రావడం లేదు. చల్లగా ఉంచమన్నది నేను. ఆ మంచం బయట వేయించింది నేను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ రోజు ఫోన్లో అరిచింది కూడా నేనే. మెల్లగా చెప్పి ఉంటే వినేదానివి. నాకు తెలుసు నువ్వు వినేదానివని.

ఇప్పుడు ఇంకో సంగతి. జూలై నెల చావుల కాగితాలు అన్ని ఊళ్ల నుంచీ నా బల్ల మీదికి వచ్చాయి. మీ ఊరిది కూడా. ఒకే ఒక్క పేరు. మీ డాక్టరు రాసిన కారణం: "తీవ్రమైన ఎండ వల్ల గుండె ఆగుట." నా లెక్కలో వాణ్ని ఎండ గడిలో వేయాలి. డాక్టరు రాస్తే అంతే, నేను మార్చకూడదు. ఒక్క చావు దేన్నీ రుజువు చేయదు, అది మా పనిలో మొదటి పాఠం. క్రెస్ "ఇది నేను చూస్తాలే, నువ్వు ఇంటికి వెళ్లు" అన్నాడు. నేను వెళ్లలేదు. కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. తమ్ముణ్ణి అబద్ధపు గడిలో వేయలేకపోతున్నాను అక్కా.

నిన్ను ఒక్కటే అడుగుతున్నాను. తప్పెవరిదని కాదు. వాడు పోయిన ఆ రాత్రి అక్కడ వేడిగా ఉందా?

నీ చెల్లెలు,
ఆల్ముట్

—

టానెన్‌రీట్,
ఆగస్టు 8

ఆల్ముట్ తల్లీ,

తాతయ్య బోర్డు దింపించాను. బంగారు అక్షరాల వెనక చెక్క అంతా పురుగు తినేసింది. ఇన్నేళ్లూ అది దేన్ని పట్టుకుని నిలబడిందో! అతిథులు నలుగురే మిగిలారు. మధ్యాహ్నం వాళ్లని లోపల కూర్చోబెట్టి తలుపులేస్తున్నాను. ఫోన్ ఇక తీసి పక్కన పెట్టను. పోట్లాడినా సరే, నువ్వు చెయ్.

డాక్టరుని అడిగాను, అలా ఎందుకు రాశావని. "రేడియోలో రోజూ ఎండ చావులనే చెబుతున్నారు కదమ్మా" అన్నాడు. ఆయన్ని గుమ్మంలోంచే పంపేశాను.

నువ్వడిగినదానికి జవాబు రాయడానికి రెండు రోజులు పట్టింది. లోపలికి తెమ్మన్నావని తెలిసీ నేను తేలేదు. నీ మీద పంతంతోనే తేలేదు. ఆ మాట ఇక్కడ రాసి పెడుతున్నాను, ఇంకెవరితోనూ అనలేను.

వేడిగా లేదు. చీకటి పడేసరికే వాడు వణుకుతుంటే దుప్పటి కప్పాను. కాసేపటికి మళ్లీ వెళ్లి చూస్తే కాళ్లు మంచులా ఉన్నాయి. అమ్మ ఉన్ని దుప్పటి తెచ్చి దాని మీద కప్పాను. "ఇంకాస్త గాలి కావాలక్కా" అన్నాడు. మంచాన్ని బాల్కనీ కమ్మీల దాకా జరిపాను. తల కింద ఇంకో దిండు పెట్టి, "బాగా పీల్చు నాన్నా, మన కొండగాలి" అన్నాను. చిన్నప్పుడు నేను మందు తాగమంటే తాగినట్టు, వాడు కళ్లు మూసుకుని బుద్ధిగా పీల్చాడు.

నీ అక్క,
గుడ్రున్